నీలం రంగు కింద

నేను ఒక డైనమోని. పాత ట్రాక్టరు ఇంజను పక్కన బెల్టుతో పాటు తిరుగుతూ బ్యాటరీకి కరెంటు అందించడం నా పని. ఎక్కడో ఫ్యాక్టరీలో రాగి తీగ చుట్టి నన్ను తయారుచేశారు. మొదటి యజమాని బండితో చెరకు తోలించాడు. రెండో ఆయన ఇటుకలు తోలించి, బండితో సహా నన్ను అబ్బులుకు అమ్మేశాడు. ముగ్గురి దగ్గరా తిట్లు తిన్నాను. చెయ్యని తప్పుకు తిన్నది మాత్రం అబ్బులు దగ్గరే.

దసరాకు అబ్బులు ట్రాక్టరుకు నీలం రంగు వేశాడు. పైపైన వేసి ఊరుకుంటే బాగుండేది. నా కరెంటును అదుపు చేసే కటౌట్ పెట్టెను విప్పి, దాని వెనకాల రేకుకు కూడా రెండు పూతలు పూశాడు.

"కనపడని చోట కూడా ఎందుకయ్యా?" అంది భార్య మంగాయమ్మ.

"నీకు కనపడదు. అమ్మవారికి కనపడదేంటే?"

ఆ పెట్టె ఇనుము బండి ఇనుముకు తగిలితేనే నా కరెంటు బ్యాటరీకి చేరుతుంది. మధ్యలో రంగు అడ్డుపడింది. నేనెంత తిరిగినా ఛార్జింగు చూపే మీటరు ముల్లు కదల్లేదు.

బ్యాటరీ పడుకుంది. అబ్బులు బండిని కాలవగట్టు వాలులో ఆపి, దొర్లించి స్టార్టు చేసుకునేవాడు. దాళ్వా పంటకు చేలో నీళ్ళు పెట్టి దమ్ము చేసేటప్పుడు ఆ ఉపాయం పనికిరాలేదు. బురదలో ఎక్కడికి దొర్లిస్తారు? నారు పీకి కట్టలు కట్టేశారు. కాలవ నీటి వంతు ఆదివారంతో సరి. సగం చేను మిగిలుండగా ఇంజను నడిమడిలో ఆగిపోయింది.

ఎలక్ట్రీషియన్ కాశీ నన్ను ఊడదీసి కొట్టుకు పట్టుకుపోయాడు. నా లోపల అరిగిన కార్బన్ బొగ్గులు మార్చి, బల్బు తగిలించి తిప్పితే వెలిగింది. తెచ్చి బండికి బిగించి, ఎవరిదో బ్యాటరీతో స్టార్టు చేస్తే ముల్లు కదల్లేదు. మళ్ళీ ఊడదీశాడు. మళ్ళీ వెలిగించాను. మళ్ళీ బిగించాడు.

"కొట్లో వెలుగుద్ది, చేలో వెలగదు. దీనికి నా చేనంటే ఏం కోపం కాశీ?"

"వయసైపోయిందండి. మా మావయ్యా అంతే. టీ కొట్టు దాకా బానే నడుత్తాడు, పొలం అంటే మోకాళ్ళు నొప్పులంటాడు."

పెట్టె వెనక ఒక్కసారి చూడండి నాయనా అని అరవాలనిపించింది. నాకున్న గొంతు తిరిగేటప్పటి రొద ఒక్కటే. అది విని బేరింగు అరిగిందన్నారు. బేరింగూ మార్చారు.

శనివారం కొత్త డైనమో వచ్చింది. దానికీ ముల్లు కదల్లేదు. గట్టు మీద గోనెసంచిలో పడి ఉన్న నాకు, చెప్పకూడదు గానీ, ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడైనా వెతుకుతారనుకున్నాను. కాశీ మొహం మాడింది. ఏం చెయ్యాలో తోచక, విసుగుతో కటౌట్ పెట్టె బోల్టును పానాతో ఇంకో చుట్టు బిగించాడు. రంగు చిట్లి, బోల్టు ఇనుమును కరుచుకుంది. ముల్లు లేచింది.

"చూశారా, కొత్త సరుకంటే అదండీ" అన్నాడు కాశీ.

మంగాయమ్మ కొత్తదానికి బొట్టు పెట్టింది. నీళ్ళు ఆగేలోపు దమ్ము పూర్తయింది. నన్ను కాశీ కొట్టు వెనక పాత ఇనుములోకి విసిరారు. చేను గట్టెక్కినందుకు సంతోషించాలో, నా పేరు చెడినందుకు ఏడవాలో తెలియకుండానే ఎండాకాలం గడిచింది. వానలూ వెళ్ళిపోయాయి.

నిన్న అబ్బులు వచ్చాడు. చేతిలో నీలం రంగు డబ్బా.

"పానా ఓసారి ఇయ్యి కాశీ. కటౌట్ పెట్టె ఇప్పాలి. ఆ బోల్టు దగ్గర రంగు పెచ్చులూడింది, పండక్కి బాగోదు."

కాశీ పానా ఇచ్చాడు.

ఇక్కడ నా పక్కన ఇంకో డైనమోకు సరిపడా చోటు ఖాళీగా ఉంది.