ఒక మూల, రెండు మూలలు

నేను ఒక కత్తెరను. మందుల షాపు కత్తెరను అనగానే ఆపరేషన్లు చేసే కత్తెర అనుకునేరు. అంత గొప్ప బతుకు కాదు నాది. మాత్రల షీట్లను ముక్కలు చేసే కత్తెరను. మీరు కొట్టు ముందు నిలబడి "రెండు బిళ్లలు చాలు" అన్నప్పుడు కచకచమన్నది నేనే. మీరు నన్ను చూసి ఉండరు. అప్పుడు మీ చూపు మాత్రల మీద ఉంటుంది.

ఎక్కడో ఉత్తరదేశంలో ఒక ఇరుకు సందులో, పాత లారీ స్ప్రింగు పట్టీల ఇనుముతో నన్ను చేశారు. నా రెండు రేకులనూ వేరువేరు మనుషులు సానబట్టారు. ఒకదాన్నొకటి ఎరగని ఆ రెండింటి నడుమ మేకు దిగ్గొట్టి, ఇక మీరు ఒకటే అన్నారు. అప్పటినుంచీ అవి కలుసుకునేది దేన్నో ఒకదాన్ని విడదీసేటప్పుడే.

మొదట ఒక మంగలి చేతిలో నాలుగేళ్లు ఉన్నాను. అది తేలికైన బతుకు. జుట్టు ఎంత వంకరగా కోసినా నెల తిరిగేసరికి పెరిగేది, తప్పు దానంతటదే మాసిపోయేది. నా మేకు వదులయ్యాక ఆయన నన్ను సంతలో అమ్మేశాడు. అక్కడ నన్ను కొన్నవాడు తిరుపాలు.

తిరుపాలుది మా ఊరి బస్టాండు ఎదుట మందుల షాపు. అతను మేకు బిగించి, ఒక ప్లాస్టిక్ తాడుతో నన్ను బల్లకు కట్టేశాడు. ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. ఆ తాడు ఎంత దూరం వస్తే నా లోకం అంత. ఎదురుగా రోజంతా మనుషులు, నా చుట్టూ రోజంతా మాటలు. అయినా అంత ఒంటరితనం నేను మంగలి పెట్టెలో చీకట్లో కూడా ఎరగను. నేను కోసిన ప్రతి ముక్కా ఎవరి చేతుల్లోనో వెళ్లిపోయేది. ఎవరి ఒంట్లోకి పోయిందో, అక్కడ ఏం చేసిందో ఎవరూ వచ్చి చెప్పేవారు కారు.

అయిదు రోజులకు రాసిన మందును రెండు రోజులకు కోయించుకునేవాళ్లు మనుషులు. జ్వరం దిగితే మిగతాది ఎందుకంటారు. ఒకవేళ అయిదు రోజులకూ కొన్నా, మూడోనాడు ఆపి, మిగిలినవాటిని దేవుడి పటం వెనక దాచుకునేవాళ్లు, వచ్చే ఏడు జ్వరానికి పనికొస్తాయని. నేను కోసేటప్పుడు మందు పేరూ తేదీ షీటు కొసన ఒక్క ముక్కలోనే పడేవి. అవి రెండూ ఉన్న కొసను తిరుపాలు తన సొరుగులో ఉంచుకునేవాడు, షాపుకు అది కావాలని. పేరున్న ముక్క కొట్లో ఉండేది. పేరులేని ముక్క మనిషి వెంట వెళ్లేది.

చెంచమ్మ పొగాకు గ్రేడింగ్ షెడ్డులో పని చేసేది. ఆకును రంగును బట్టి ఏరి వేరు చేయడం ఆ పని. పొద్దుననగా నేల మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేవకూడదు. ఇరవై ఏళ్లు అట్లా కూర్చున్న మోకాళ్లు ఆమెవి. నొప్పి బిళ్లల కోసం వారానికి రెండుసార్లు వచ్చేది. బీపీ బిళ్లలూ తీసుకునేది. ఒకరోజు వచ్చి రెండు ముక్కలు బల్ల మీద పడేసింది.

"అబ్బయ్యా, మొన్న నొప్పి బిళ్ల అనుకొని బీపీ బిళ్ల మింగినా. ఇదీ తెల్ల రేకే, అదీ తెల్ల రేకే. ఏదన్నా గుర్తు పెట్టియ్యి."

"పేరు రాసిస్తాలే అత్తా."

"రాస్తే చదివేదెవురు, పెరట్లో కట్టేసిన నా మేకా?"

తిరుపాలు నవ్వి కాసేపు ఆలోచించాడు. నొప్పి బిళ్ల ముక్కకు ఒక మూల కత్తిరించాడు. బీపీ బిళ్ల ముక్కకు రెండు మూలలు కత్తిరించాడు. చెంచమ్మ కళ్లు మూసుకొని రెండింటినీ వేళ్లతో తడిమింది.

"ఇది నొప్పి. ఇది బీపీ. ఇట్టా ఇరవై ఏళ్ల కింద చేసుంటే నేనూ చదువుకున్నదాన్నే అయ్యేదాన్ని గదబ్బయ్యా."

ఆ రోజు నాకు కలిగిన గర్వం మీకు చెప్పలేను. అప్పటిదాకా నేను తుంచేదాన్నే. ఇప్పుడు రాస్తున్నాను. అక్షరం రాని మనిషి నా రాత చదువుతోంది.

వారం తిరక్కుండానే షెడ్డు ఆడవాళ్లంతా మూలల కోసం వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది మస్తానమ్మ. షెడ్డులో చెంచమ్మ పక్కనే కూర్చునే మనిషి. ఆమెకు షుగరు. ముందు షుగరు బిళ్లలు అడిగింది, తర్వాత నొప్పి బిళ్లలు అడిగింది. తిరుపాలు చేతికి ఒకటి, రెండు అని వరుస అలవాటు. ముందు అడిగినదానికి ఒక మూల, తర్వాత అడిగినదానికి రెండు మూలలు కత్తిరించాడు. మస్తానమ్మ కూడా కళ్లు మూసుకొని తడిమి, తలూపి వెళ్లిపోయింది. చెంచమ్మ చేతిలో ఒక మూల అంటే నొప్పి, మస్తానమ్మ చేతిలో ఒక మూల అంటే షుగరు. ఇది తిరుపాలుకు తోచలేదు. నాకూ తోచలేదు. ఎవరి ముక్క వాళ్లే వేసుకుంటారు గదా అనుకున్నాం.

మనుషుల సంగతి మాకేం తెలుసు? షెడ్డులో ఒకరి క్యారియరులో కూర ఇంకొకరు తినేవాళ్లు. ఒకరి వక్క ఇంకొకరు నమిలేవాళ్లు. బిళ్లలూ అంతే.

ఏడేళ్లు గడిచాయి. ఒక వేసవిలో, పొద్దున పదకొండు దాటాక, మస్తానమ్మ చెప్పులు లేకుండా పరిగెత్తుకుంటూ షాపు ముందుకొచ్చింది. చేతిలో ఖాళీ ముక్క ఉంది. దానికి ఒక మూల కత్తిరించి ఉంది.

"తిరుపాలన్నా, ఇదేందో చెప్పు. చెంచమ్మ పడిపోయింది. పెద్దాసుపత్రిలో ఉంది."

"నీళ్లు తాగు ముందు. ఏం జరిగింది?"

"దాని బిళ్లలు అయిపోయినయ్యంట. నేను ఆకు మోస్తా అవతలుంటే నా సంచిలో చెయ్యి పెట్టుకుంది. ఒక మూల ముక్క తీసుకొని, నొప్పి జాస్తిగా ఉందని రెండు మింగింది. పొద్దున టీ నీళ్లు తప్ప దాని కడుపులో ఏం లేవు. చెమటలు కారిపోయినయ్, చేతులు వణికినయ్, నన్ను చూసి నువ్వెవురే అంది. తర్వాత మాటే లేదు."

"నీది ఒక మూల అంటే..."

"షుగరు బిళ్ల. ఆమెకు షుగరు లేదన్నా."

తిరుపాలు మొహం అప్పుడెట్లా అయిందో నేను చూశాను. నా తాడు ఆ బల్లకే కట్టి ఉంది, ఎక్కడికి పోతాను?

"డాక్టరమ్మ గ్లూకోజు ఎక్కించింది," మస్తానమ్మ అంది. "షుగరు బిళ్ల అని చెప్తే, అందులో ఏ రకం అంటుంది. కొన్ని పూటకే దిగిపోతాయంట, కొన్ని రెండు రోజులు ఒంట్లోనే ఉండి మళ్లీ మళ్లీ పడేస్తాయంట. పేరు తెస్తేగాని ఎన్నాళ్లు కనిపెట్టుకొని ఉండాలో తెలవదంది. ఈ ముక్క మీద పేరేదన్నా?"

పేరు లేదు. తేదీ లేదు. ఆ నెలలో తిరుపాలు రెండు రకాల షుగరు బిళ్లలు అమ్మాడు. మస్తానమ్మకు ఏది ఇచ్చాడో గుర్తు లేదు. సొరుగు లాగి బల్ల మీద బోర్లించాడు. కొసముక్కలు కుప్పగా పడ్డాయి. మస్తానమ్మ తెచ్చిన ముక్క అంచును ఒక్కోదానికి ఆనించి చూశాడు. ఏదీ కుదరలేదు. ఆ తొందరలో కొన్ని ముక్కలు కిందపడ్డాయి. మస్తానమ్మ నేల మీద కూర్చొని ఏరి ఇచ్చింది, షెడ్డులో ఆకు ఏరినట్టే. చివరికి ఒక కొసకు అంచు సరిగ్గా అతికింది. నేను వంకరగా కోసిన చోట దాని వంకర దీని వంకరలో కూర్చుంది. దాని మీద పేరుంది. రెండు రోజులు ఒంట్లో ఉండే రకం అదే.

తిరుపాలు షాపు మూయకుండానే మస్తానమ్మను బండెక్కించుకొని వెళ్లిపోయాడు. నేను, చిందరవందరగా పడిన ముక్కలు మిగిలాం. ఇద్దరు ముగ్గురు వచ్చి పిలిచి వెళ్లారు. ఆ ఎండలో బల్ల మీద పడి ఉండి నేను ఒక్కటే అడుగుతూ ఉన్నాను, ఎవరినో తెలియదు. ఆమె బతకాలి.

చెంచమ్మ బతికింది. పేరు దొరికినందువల్ల డాక్టరమ్మ ఆమెను పంపేయకుండా ఉంచింది. మధ్యాహ్నం లేచి మాట్లాడిన మనిషి సాయంత్రానికి మళ్లీ స్పృహ తప్పిందట, మర్నాడు ఇంకోసారి తప్పిందట. ఇంటికి పంపి ఉంటే అంతే సంగతులు. నేను కుదుటపడ్డాను. నా తప్పు సర్దుకుందనుకున్నాను.

నాలుగోరోజు మస్తానమ్మ వచ్చి చెప్పింది.

"రెండు రోజుల్లో దిగిపోవాల్సిన మందు మూడోరోజుక్కూడా దిగలేదేందని డాక్టరమ్మకు అనుమానమొచ్చిందన్నా. రక్తం తీసి చూస్తే కిడ్నీలు సగానికి పైగా పోయినయ్యంట. మందును బయటికి పంపేది అవేనంట గదా."

"ఎట్లా పోయినయ్?"

"ఏమేం బిళ్లలు వాడతావని అడిగింది. బీపీదొకటే అంది చెంచమ్మ. నేనే పక్కనుంచి చెప్పినా, రోజూ రెండు నొప్పి బిళ్లలని. ఏడేళ్లా అని డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. ఇంతకుముందు బీపీ డాక్టరుకు చెప్పలేదా అంటే ఈ మహాతల్లి ఏమందో తెలుసా? అదేం మందమ్మా, అది అందరూ ఏసుకునేదే గదా, అంది."

ఆ బీపీ డాక్టరు రెండేళ్లుగా బీపీ తగ్గడం లేదని మాత్ర పెంచుకుంటూ పోయాడట. బీపీని ఎగదోస్తున్నది ఆ నొప్పి బిళ్లలే. ఆ పెంచిన బీపీ మాత్రకు రెండు మూలలు కత్తిరించిందీ నేనే.

బల్ల మీద పడి ఉండి నేను లెక్క వేసుకున్నాను. ఎవరి ముక్కో ఎవరి చేతికో పోయిన ఒక్కరోజు వల్ల ఆమె పడిపోయింది, లేచింది. ఆమె అడిగింది అడిగినట్టు, గుర్తు తప్పకుండా నేను కోసి ఇచ్చిన ఏడేళ్లు మాత్రం లేవడానికి వీల్లేని చోట దెబ్బ కొట్టాయి. తప్పు జరిగినప్పుడు ఊరంతా చూసింది. సరిగ్గా జరిగినన్నాళ్లు ఎవరూ చూడలేదు. నేనైతే గర్వపడుతూ ఉన్నాను.

తిరుపాలు ఆ నెల నుంచి కోయడం మానేశాడు. షీటు షీటుగానే ఇస్తాడు. చదవలేనివాళ్లకు కాగితం కవరు మీద సూర్యుడో చంద్రుడో బొమ్మ వేసి, కింద పేరు రాసి, ఎవరి కవరు మీద వాళ్ల పేరూ రాస్తాడు. చీటీ లేకుండా నొప్పి బిళ్లలు అడిగితే "ఎన్నాళ్లనుంచి?" అంటాడు. సగంమంది విసుక్కొని పక్క షాపుకు పోతున్నారు.

ఒకనాడు చెంచమ్మ ఆటోలో వచ్చింది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. బీపీ మందు కవరు తీసుకొని, బల్ల మీద దుమ్ము పట్టి ఉన్న నన్ను చూసింది.

"దీన్నేం చేస్తావబ్బయ్యా?"

"పాతినప సామానోడికి ఏస్తా."

"నాకియ్యి."

"నిన్ను చంపబోయింది గదత్తా అది."

"అదేం చేసింది? మనం చెప్పినట్టు కోసింది. దానికేమన్నా నోరుండాదా?"

తిరుపాలు తాడు విప్పి నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు నేను బస్టాండు దాటి అవతలి లోకం చూశాను. ఏమంత పెద్దది కాదు. ఒక గది, ఒక పొయ్యి, పెరట్లో మేక. నన్ను గోడ మేకుకు తగిలించింది.

చెంచమ్మ ఇప్పుడు షెడ్డుకు పోదు. పొద్దున ఎనిమిదింటికి ఆడవాళ్లు గుంపుగా ఇంటి ముందు నుంచి పోతారు. మొదట్లో ఆగి పలకరించేవాళ్లు. తర్వాత నడుస్తూనే చెయ్యి ఊపేవాళ్లు. ఇప్పుడు ఎవరైనా ఇటు చూస్తే చూస్తారు. ఆమె మాత్రం ఆ వేళకు గుమ్మంలో కూర్చునే ఉంటుంది. గుంపు మలుపు తిరిగాక మేకతో నాలుగు మాటలు మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు. కత్తెరతో ఎవరు మాట్లాడతారు?

మబ్బు పట్టిన ఒక సాయంత్రం ఆమె మోకాళ్లు బాగా సలిపాయి. గోడ పట్టుకొని కూడా లేవలేకపోయింది. మస్తానమ్మ చూడవచ్చి కొంగుముడి విప్పింది.

"ఇదొక్కటి ఏసుకోవే. ఒక్కదానికి ఏం కాదు."

చెంచమ్మ ఆ మాత్రను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. వేసుకుంటుందేమో అనుకున్నాను. ఆ నొప్పి అట్లా ఉంది.

"తీసుకపో. ముందు దాన్ని నా ఎదురుగా పెట్టబాకు."

"అంత మొండేందే నీకు?"

"మోకాళ్లు పోతే కూర్చుంటా. లోపలివి పోతే యాడ కూర్చునేది?" మాత్రను మస్తానమ్మ చేతిలో పెట్టి వేళ్లు మూసింది. "నువ్వు కూడా ఏసుకోబాకు. నీకు షుగరుండాది, నీవి ఇంకా త్వరగా పోతాయంది డాక్టరమ్మ. ఎల్లి అడుగు, నేను చెప్పినానని."

మస్తానమ్మ ఆమెకు చేతికందే దూరంలో పొయ్యి అంటించి, పెనం పెట్టి వెళ్లిపోయింది.

చెంచమ్మ కూర్చున్నచోటు నుంచే కర్రతో నన్ను మేకు మీద నుంచి దింపింది. పాత చీర కొంగు పరిచి, జానెడు గుడ్డ కోసింది. డబ్బాలో ఉన్న కల్లుప్పు మొత్తం పెనంలో పోసింది. డాక్టరమ్మ కూరలో ఉప్పు వద్దన్నాక ఆ డబ్బా నెలల తరబడి అట్లాగే ఉంది. ఉప్పు చిటపటలాడాక గుడ్డలో పోసి మూటగట్టి మోకాలికి ఆనించుకుంది. చురుక్కుమంటే ఒకసారి తీసింది, మళ్లీ ఆనించింది.

గుమ్మం బయట చినుకులు మొదలయ్యాయి. కుడి మోకాలయ్యాక ఎడమ మోకాలు. మూట చల్లారితే మళ్లీ పెనం మీద పెట్టింది.