బొటనవేలి తీర్పు

మిరోన్ పాన్చుక్ మోకాళ్ల మీద కూర్చుని నూనెగింజల పైరైన కనోలాలో ఏడో మొక్కను నేల మట్టానికి కత్తిరించాడు. తెల్లగా ఉండవలసిన కాండం లోపల సగానికి పైగా నల్లబడి ఉంది. నల్లకాడ తెగులు. నలుపు విషయంలో అతను ఎన్నడూ పొరబడలేదు. నేలకు చెయ్యి ఆన్చి లేచాక ఊపిరి కుదుటపడడానికి చాలాసేపు పట్టింది.

గట్టు మీద పికప్ బండికి ఆనుకుని లేసియా చూస్తోంది. తండ్రి పెత్రో పోయాక ఆమె ఒక్కతే సేద్యం చేస్తున్న మొదటి ఏడు ఇది. నిరుటి పంటను వడగళ్లు తినేశాయి. ఇది కూడా చేజారితే నేల అమ్ముకుని సస్కటూన్ నగరంలో ఏదో కొలువు వెతుక్కోవలసిందే. తొందరపడి కోస్తే గింజ పచ్చిగానే ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే కాయలు గాలికి పగిలి గింజంతా నేలపాలవుతుంది. ఆ రెంటి నడుమ ఉండేది రెండు మూడు రోజులే. ఆ రోజేదో చెప్పడం ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ పొలంలో పాలేరైన మిరోన్ పని.

అందరూ కాయ చీల్చి గింజ రంగు చూస్తారు. సగానికి మించి గోధుమ రంగుకు తిరిగితే కోత. మిరోన్ మాత్రం గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి, ఎటో చూస్తూ చెప్పేవాడు. "వాడి బొటనవేలినడగండి" అనేవాడు పెత్రో. పొరుగు రైతులూ వచ్చి అడిగిపోయేవారు. షెడ్డు వెనక గదిలో ఒంటరిగా బతికి, చర్చిలో చివరి వరసలో నిలబడే మనిషిని లోకం అభిప్రాయం అడిగింది ఈ ఒక్క విషయంలోనే.

పచ్చకీ గోధుమకీ తేడా అతనికి పుట్టుకతోనే తెలియదు. చిన్నప్పుడు బడిలో గుర్రానికి ఆకుపచ్చ రంగు వేస్తే పిల్లలంతా నవ్వారు. దాచుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు. దాచడం అలవాటై, అలవాటు స్వభావమై, చివరికి అదే పేరు తెచ్చిపెట్టింది. ఈ వసంతం నుంచి షుగరు జబ్బు వేళ్లలోకి దిగింది. ఇవాళ పొద్దున చొక్కా గుండీ ఎక్కడుందో కళ్లతో వెతుక్కోవలసి వచ్చింది.

"ఏమంటోంది నీ వేలు?" అంది లేసియా దగ్గరికొచ్చి. "రేపు గాలి అంటున్నారు. నాకైతే పండినట్టే ఉంది. మధ్యాహ్నం కోత యంత్రం దింపెయ్యనా?"

అతని అరచేతిలో నాలుగు గింజలున్నాయి. నాలుగూ ఒకే బురద రంగు. నొక్కి చూశాడు. వేళ్ల మధ్య గింజ ఉందో జారిపోయిందో కూడా తెలియలేదు. అవునంటే ఒక మాట, కాదంటే ఒక మాట. ఏది అన్నా సగం పాళ్లు నిజమయ్యే వీలుంది. కొన్ని వారాలుగా అతన్ని ఊరిస్తున్నది ఆ సగమే. ఇవాళ నిజం చెబితే తను ఎవరికీ ఏమీ కాడు. చెప్పకపోతే ఈ పిల్లకి నేల ఉండకపోవచ్చు.

"అమ్మాయ్, ఇవి ఏ రంగో చెప్పు."

"నీ కళ్లకేమొచ్చింది?"

"కొత్తగా రాలేదు. పుట్టినప్పట్నుంచీ అంతే. పచ్చా గోధుమా నాకొకటే. ఇన్నాళ్లూ వేలితో నెట్టుకొచ్చా. ఇప్పుడది కూడా మొద్దుబారింది."

లేసియా అతని పాదాల వైపు చూసింది. "అందుకా, ఓ కాలికి పచ్చ సాక్సూ ఓ కాలికి గోధుమదీ? పెళ్లాం లేనోడి గతి ఇంతే అని నాన్న నవ్వేవాడు."

"నవ్వితే నవ్వాడులే. తెలిస్తే పన్లోంచి తీసేస్తాడని భయపడ్డా."

"నిన్ను తీసేస్తే ఆయన దొంగ పేకాటలో ఎవడు ఓడిపోయేవాడు?" అని, గింజలు అందుకుంది. "మూడు గోధుమ. ఒకటి పచ్చ. పండినట్టేగా?"

మిరోన్ తను కోసిన మొదలు ఆమె చేతికిచ్చాడు. "ఇవి ఈ మొక్కవి. లోపల చూడు. తెగులొచ్చిన మొక్క చావబోతూ తొందరపడి పండుద్ది. దాన్ని నమ్మి పొలమంతా కొయ్యకూడదు. లోపలికి పద."

నడుములోతు పంటలోకి నడిచారు. అతను ఒక్కో మొక్క మొదలు కోసి తెల్లగా ఉందని చూపించేవాడు. ఆమె కాయ చీల్చి చెప్పేది. "పచ్చ. పచ్చ. గోధుమ. పచ్చ." ముప్పై ఒక్క ఏళ్లు తిరిగిన పొలం రంగును అతను మొదటిసారి వింటున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఎడమ భుజం రుద్దుకున్నాడు.

"పది గింజల్లో మూడు కూడా తిరగలేదు. మూడు రోజులాగాలి," అంది లేసియా. "మరి గాలొస్తే?"

"పచ్చి కాయ పగలదు."

ఆ మాట చెప్పాక చేతులు ఖాళీ అయినట్టనిపించింది. అది తేలికో దిగులో విడదీసి చూసుకునే ఓపిక లేదు. "నువ్వెళ్లి తిను. నేను తెగులున్న మూలకి హద్దు గుర్తు పెట్టొస్తా. ఆ గింజ మంచిదాంట్లో కలవకూడదు."

ఆమె గంటలో గిన్నెడు వరెనికీ కుడుములు పట్టుకుని తిరిగొచ్చింది. మొక్కల మొదట్లో అతను గడ్డం ఛాతీకి ఆన్చి కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. గిన్నె నేలమీద పెట్టి, అతని చెయ్యి పట్టుకుని, పక్కనే కూర్చుంది.

మర్నాడు వచ్చిన గాలి రాత్రికి ఆగిపోయింది. కాయలు నిలిచాయి. మూడో రోజు పొద్దున మిరోన్‌కి మట్టి ఇచ్చి వచ్చి, లేసియా నల్లబట్టలు మార్చుకుని నాలుగు చోట్ల మొదళ్లు కోసింది, కాయలు చీల్చింది. తర్వాత యంత్రం ఎక్కింది. పంట పనలు పనలుగా ఒరిగిపోతోంది. తెగులు మూల దగ్గర చక్రం పక్కకు తిప్పి, చుట్టూ తిరిగి ముందుకు పోయింది. వెనక, కోయకుండా వదిలిన గుప్పెడు మొక్కల మధ్య హద్దుకని అతను పాతిన కర్ర మీద, అంచున చెమట చారలు తెల్లగా ఎండిన అతని టోపీ గాలికి కొద్దికొద్దిగా కదులుతోంది.