ఆది గౌను

మూడో గౌను వీపు మూసి పాపారావు దారం కొరికేసరికి పదిన్నరయింది. మిషనుకి మోటారు బిగించి పదేళ్లయినా అతని కాళ్లకు ఆ సంగతి ఇంకా ఎక్కలేదు. బల్ల కింద పాదాలు రెండూ లేని పెడలును తొక్కుతూనే ఉంటాయి. ఈ శనివారం మరీ ఎక్కువగా తొక్కుతున్నాయి.

కారణం అతనికి తెలుసు. పోయిన శనివారం ఒక పంజాబీ డ్రెస్సుకి రెండు పక్కలా ఎడమచెయ్యే కుట్టాడు. కొట్టు యజమాని ఇందుజ కేకలెయ్యలేదు. డ్రెస్సు మడతపెడుతూ, "ఇంకొక్క పొరపాటు జరిగితే నా వల్ల కాదండీ, పాపారావుగారూ" అంది. కేకలేసినా బాగుండేది. ఇందుజ వాళ్లమ్మ రోజుల నుంచి, పందొమ్మిదేళ్లుగా, ఏలూరు పవర్‌పేటలో ఆ కిటికీ పక్కనే కూర్చుంటున్నాడు. భార్య పోయాక, కొల్లేటి ఒడ్డున ఉన్న ఇంట్లో ఒక పగలంతా గడపడం అతనికి చేతకాలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతూ సోమవారం కోసం చూస్తాడు.

"ఇది ఎన్నోదండీ?" నేల మీద కూర్చుని హుక్కులు కుడుతున్న అచ్చాయమ్మ అడిగింది.

"ఈ నెల్లో ముప్ఫై దాటాయండీ."

"అప్పుడు కిటికీలు పెట్టించుకున్నారు, ఇప్పుడు తలుపులు వేయించుకుంటున్నారు. రెండింటికీ మేస్త్రీ మీరే!"

నిజమే. ఎనిమిదేళ్ల కిందట ఒక ఇంజనీరింగు కాలేజీ అమ్మాయి ఫోనులో బొమ్మ చూపించింది. మెడ దగ్గర ఒక ముడి, నడుము మీద ఒక ముడి, మధ్యలో ఏమీ లేదు. పాపారావు బొమ్మను తలకిందులుగా చూస్తున్నానేమో అనుకున్నాడు. మూడు నెలలు తిరగకుండా కాలేజీ అమ్మాయిలందరికీ అదే కావాలి. పార్టీలకనీ, విజయవాడ మాల్‌కనీ కుట్టించుకునేవాళ్లు. వీధి దాటేదాకా కప్పుకోవడానికి అదే గుడ్డతో ఒక పొట్టి కోటు కూడా అడిగేవాళ్లు. ఆటో ఎక్కగానే అది సంచిలోకి వెళ్లిపోయేది. పాపారావు ఆ గౌన్ల అంచుల లోపల, ఎవరూ అడగకుండానే, సన్నటి ఎలాస్టిక్ వేసేవాడు. ఎంత నవ్వినా, ఎంత గెంతినా గౌను జారకూడదు. పిల్ల సరదాగా వెళ్లి సరదాగా ఇంటికి రావాలి.

తర్వాత బజారంతా రెడీమేడ్‌లో అవే వచ్చాయి. ఆరేళ్ల పిల్లల పుట్టినరోజు గౌన్లకు కూడా వీపులు లేకుండా పోయాయి. ఆ రోజుతో కాలేజీ అమ్మాయిలు వాటిని వదిలేశారు. ఇప్పుడు మెడదాకా మూసిన జాకెట్లు, మణికట్టుదాకా చేతులు. పాతవి బీరువాల్లోంచి బయటికొచ్చి, వీపులు మూయించుకోవడానికి అతని బల్ల మీదికి చేరుతున్నాయి.

నాలుగో మూట విప్పాడు. వంగపండు రంగు శాటిన్ గౌను, దాని కింద అదే రంగు కొత్త గుడ్డ నాలుగు మీటర్లు. వీపు మూయడానికి మూర గుడ్డ చాలు. పాపం, తెలియక ఎక్కువ కొన్నట్టున్నారు, మిగిలింది తిరిగి ఇచ్చేద్దాం అనుకున్నాడు. గుండుసూదితో గుచ్చిన చీటీ మీద పేరు మాత్రం చదివాడు. పద్మప్రియ. ఈ మధ్య చీటీల్లో వీపు మూయమని తప్ప ఇంకేం ఉంటోంది గనుక? కొత్త గుడ్డలోంచి వీపు ముక్క కత్తిరించి, గౌనుకి పెట్టి రెండు వైపులా కుట్టేశాడు.

పన్నెండింటికి పద్మప్రియే వచ్చింది. ఒకప్పుడు ఫోనులో మొదటి బొమ్మ చూపించిన అమ్మాయే. ఇప్పుడు తణుకులో బ్యాంకు ఉద్యోగం. బల్ల మీది గౌను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాబాయ్‌గారూ, ఇది ఆది కదండీ?"

పాపారావు కళ్లజోడు సవరించుకుని చీటీ రెండో వరుస చదివాడు. ఇందుజ గుండ్రటి అక్షరాలు: *ఆది. ఇలాగే కొత్తది. ఈరోజు ఐదింటికి.*

కొలత కోసం ఇచ్చే పాత బట్ట ఆది. పాపారావు ఆడపిల్లల ఒంటి మీద టేపు పెట్టడు. ఆది చూసే కుడతాడు. ఆది మీద కత్తెర గాని సూది గాని పెట్టకూడదని అతనికి పని నేర్పిన మేస్త్రీ మొట్టమొదటి రోజే చెప్పాడు. పాపారావు పాదాలు ఆగిపోయాయి.

"ఏమైందండీ?" లోపలి నుంచి ఇందుజ వచ్చింది.

పద్మప్రియ అతని మొహం చూసింది. చీటీని చేత్తో కప్పేసింది.

"ఏం లేదక్కా. మూస్తే ఎలా ఉంటుందో చూద్దామని నేనే కుట్టమన్నాను. బాలేదు, విప్పేయమంటున్నాను."

"ఇప్పుడెవరు వేసుకుంటున్నారమ్మా వీపు లేకుండా? నవ్వుతారు."

"అప్పుడు అందరూ వేసుకుంటున్నారని వేసుకున్నాను. ఇప్పుడు నాకిష్టమై వేసుకుంటాను. అయినా మన ఏలూరు ఎండలకి వీపైనా సుఖపడొద్దా అక్కా?"

అచ్చాయమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇందుజ కాసేపు గౌను వంకా, కాసేపు పాపారావు వంకా చూసి లోపలికి వెళ్లిపోయింది.

"రాత్రికి విజయవాడలో స్నేహితులతో భోజనం బాబాయ్. ఐదున్నరకి రైలు. అందుతుందా?" పద్మప్రియ గొంతు తగ్గించి అడిగింది.

"అందుతుందమ్మా," అన్నాడు. అందుతుందో లేదో అతనికి తెలియదు.

అన్నం డబ్బా తెరవలేదు. ముందు ఆది కుట్టు విప్పాడు. తర్వాత కొత్త గుడ్డ పరిచాడు. ముక్క కోసిన చోట గుడ్డ తగ్గింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లేచి కిటికీ దాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. చివరికి ఆ వీపు ముక్కనే నిలువునా చీల్చి నడుము మీది ముడికి వాడాడు. రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ చేత్తో చక్రం తిప్పుతూ కుట్టాడు. అంచు లోపల ఎలాస్టిక్ వేయడం మరిచిపోలేదు.

ఐదుకి పది నిమిషాలుండగా పద్మప్రియ వేసుకుని చూసింది. అచ్చాయమ్మ ముడి కట్టి, "కదలదు, గెంతి చూడమ్మా" అంది. పద్మప్రియ నిజంగానే గెంతింది. ఆది మాత్రం తీసుకెళ్లలేదు.

"ఇక్కడే ఉంచండి బాబాయ్. వచ్చే నెల నల్లది కుట్టించుకుంటాను. మీరే కుట్టాలి."

ఆటో కదిలాక పాపారావు ఇందుజ ముందు నిలబడ్డాడు.

"ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం అమ్మా. నేనే చీటీ చదవకుండా కుట్టేశాను."

"తెలుసండీ." ఇందుజ తలెత్తలేదు. "నేను వినలేదనుకోండి. సోమవారం రండి."

"ఇవాళ చీటీ చదవలేదు. ఎల్లుండి చదివినా కనిపిస్తుందో లేదో. చిన్నపిల్ల చేత అబద్ధమాడించాక ఇక ఆ స్టూలు మీద కూర్చోలేనమ్మా."

ఇందుజ లేచి ఇవతలికి వచ్చింది. అప్పటికే అతను అచ్చాయమ్మకు చెయ్యెత్తి దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. అన్నం డబ్బా చేతిలో బరువుగానే ఉంది. ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దుంటుందని, ఆ పొద్దును ఏం చేయాలో తెలియదని అనుకుంటూ కొల్లేటి లంక ఊళ్లకు వెళ్లే ఆటో ఎక్కాడు.

కొట్లో కిటికీ కమ్మీకి పాత గౌను వేలాడుతోంది. దాని మీది చీటీ కింద మూడో వరుస కొత్తగా చేరింది, ఇందుజ గుండ్రటి అక్షరాలే, ఈసారి పెద్దవిగా: *సూది పెట్టవద్దు.* శాటిన్ మీద విప్పిన కుట్టు మచ్చ పోదు. వీపు అంచుల వెంట రెండు వరుసల సూది బెజ్జాల్లోంచి సాయంత్రపు ఎండ చుక్కలు చుక్కలుగా ఖాళీ స్టూలు మీద పడుతోంది.