ఎడమవైపు ఇవ్వని బంతి

వెరెష్ బాలింట్ ఎడమవైపు బంతి ఇవ్వడు. ఫాక్స్‌వుడ్ రేంజర్స్ జట్టులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కుడివైపు ఇస్తాడు, ముందుకి ఇస్తాడు, దిక్కు తోచకపోతే వెనక్కి గోల్‌కీపర్‌కైనా ఇస్తాడు. ఎడమవైపున్న మనిషి చేతులూపుతూ గొంతు చించుకుంటున్నా అటు చూపు కూడా తిప్పడు. అలా గొంతు చించుకునేవాడు హర్షిత్. శ్రీవల్లికి వాడు సొంత తమ్ముడు. శ్రీవల్లి ఆ జట్టుకి ఫిజియో.

అది 2009 శీతాకాలం. అమెరికాలో నేపర్‌విల్ ఊరు దాటాక పెద్ద రేకుల గోడౌన్ లాంటి హాల్లో వీళ్ళ ఆట. బయట మంచు పడుతుంటే లోపల ఆడుకునే ఫుట్‌బాల్ అది. ప్లాస్టిక్ గడ్డి చుట్టూ ఛాతీ ఎత్తు చెక్కగోడ, దాని మీద గాజు. బంతి గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. మనుషులూ కొట్టుకుంటారు, కానీ వాళ్ళు అంత తేలిగ్గా తిరిగిరారు. శ్రీవల్లి ఉద్యోగం నడిచేది వాళ్ళ వల్లే.

హర్షిత్‌ని ఆ సీజన్‌కి ట్రయల్ మీద తీసుకున్నారు. ఇంజినీరింగ్ పట్టా అటకెక్కించి, ఒక్క ఏడాది ఆడుకోనివ్వండని ఇంట్లో కాళ్ళావేళ్ళా పడి వచ్చాడు. శనివారం చివరి మ్యాచ్. అది అయ్యాక వాణ్ణి ఉంచుకోవాలో, ఇంటికి పంపించాలో కోచ్ తేల్చేస్తాడు. ఎడమవైపు ఆడేవాడికి బంతే రాకపోతే ఏం చూసి ఉంచుకుంటాడు?

"అక్కా, హీ హేట్స్ మీ. నేను ఓపెన్‌గా ఉన్నా పాస్ చెయ్యడు. నువ్వు అడుగు. నీతో మాట్లాడుతాడు కదా," అన్నాడు హర్షిత్.

"నేను ఫిజియోనిరా, నీ ఏజెంట్‌ని కాదు," అందిగానీ, శ్రీవల్లికి లోపల మండిపోతూనే ఉంది.

బాలింట్ ఆమెతో మాట్లాడడానికి కారణం పేరు. అతనిది హంగేరీ. అక్కడ కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. ఆ సంగతి తెలియక జట్టువాళ్ళు చొక్కా వెనక బాలింట్ అని అచ్చేయించి, మనిషిని ఇంటిపేరుతో వెరెష్ అని పిలిచేవాళ్ళు. మా ఇంట్లోనూ ఇంతే, స్కూల్లో నన్నూ మొదటి రోజంతా ఇంటిపేరుతోనే పిలిచారని శ్రీవల్లి చెప్పినప్పుడు అతను మొదటిసారి నవ్వాడు. ముప్ఫై దాటిన మనిషి, పాదాలు చూస్తే అరవై దాటినట్టుంటాయి.

మంగళవారం అతని మడమకి పట్టీ వేస్తూ అడిగేసింది. "మా తమ్ముడంటే నీకేం కోపం?"

"వాడంటే కోపమెందుకు? బాగా పరిగెత్తుతాడు. అదే భయం," అన్నాడు బాలింట్. వాళ్ళు మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఇద్దరి ఇంగ్లీషూ వేరే గానీ, ఆ రోజు అడ్డం రాలేదు.

డాన్యూబ్ నది ఒడ్డున ఒక చిన్న ఊరి క్లబ్బులో మొదలైంది అతని ఆట. మీసాలు సరిగ్గా రాకముందే పెద్ద జట్టులో మిడ్‌ఫీల్డర్ అయ్యాడు. మిడ్‌ఫీల్డరంటే పెళ్ళింట్లో వడ్డన చూసుకునే బాబాయి లాంటివాడు. అందరికీ అందించడమే పని, ఫొటోలో మాత్రం కనపడడు. ఆ జట్టులో ఎడమవైపు ఇమ్రె ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే వీధి. ఇమ్రె పళ్ళ సందునుంచి చిన్నగా ఒక విజిల్ వేసేవాడు. అది వినపడితే బాలింట్ తల తిప్పకుండానే ఎడమ మూలకి బంతి కొట్టేవాడు. బంతీ ఇమ్రె ఒకేసారి అక్కడికి చేరేవాళ్ళు. బాలింట్‌కి మూడో కన్ను చెవి వెనక ఉందని అక్కడి పేపర్లు రాశాయి. ఇద్దరికీ దేశం జట్టునుంచి పిలుపు కూడా వచ్చింది. సోమవారం వెళ్ళి చేరాలి.

దానికి ముందు శనివారం వాన పడింది. విజిల్ వినపడింది, బాలింట్ చూడకుండా కొట్టాడు, తడి గడ్డి మీద బంతి ఒక్క అడుగు ఎక్కువ జారింది. బాలింట్ ఇచ్చిన బంతిని వదిలెయ్యడం ఇమ్రెకి చేతకాదు. గీత దాటాక గ్యాలరీ కింద సిమెంటు గోడ ఉంది. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

"ఎవరూ నన్నొక్క మాటనలేదు. వాళ్ళమ్మ కూడా అనలేదు. ఎవరైనా తిట్టుంటే బాగుండేది."

దేశం జట్టుకి వెళ్ళలేదు. ఆస్ట్రియాలో ఒక క్లబ్బు, సైప్రస్‌లో ఒకటి, తరవాత ఎవరూ పేరు వినని ఊళ్ళలో ఇంకొన్ని. ప్రతిచోటా ఇతనికి ఎడమవైపు లేదేమిటని మొదట ఆశ్చర్యపోయేవాళ్ళు, తరవాత సాగనంపేవాళ్ళు.

"గోడంటే అంత భయమైతే, చుట్టూ గోడే ఉన్న ఆటకెందుకొచ్చావు?" అంది శ్రీవల్లి.

"వీసా ఇచ్చింది వీళ్ళొక్కళ్ళే."

తెలుగింట్లో పుట్టిన పిల్లకి ఆ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

బాలింట్ గొంతు తగ్గించాడు. "ఆ విజిల్ ఇప్పటికీ వినపడుతుంది. బంతి కాలికందగానే. మీవాడు ఎడమవైపు పరిగెత్తుతుంటే, వాడి అడుగుల వెనక ఇంకో జత అడుగులు వినపడతాయి."

ఇలాంటి మాట వింటే డాక్టర్ దగ్గరికి పంపించాలని శ్రీవల్లి చదువుకుంది. ఆ నంబరూ ఫోన్‌లోనే ఉంది. కానీ నోటికొచ్చింది ఇంటి మాట. ఏటా మహాలయ అమావాస్యకి అమ్మ తాతయ్యకిష్టమైనవన్నీ వండుతుంది, నాన్న గోత్రం, పేరు చెప్పి పిలుస్తాడు, ముద్ద తీసుకెళ్ళి పెరట్లో పెడతారు. నేపర్‌విల్ కాకులు బద్ధకస్థులు కాబట్టి ముందు కెనడా బాతులొచ్చి తినిపోతాయి. అయినా ఆ రోజు అమ్మ మొహం తేలికపడుతుంది.

"ఇమ్రెకి ఏమిష్టం?" అంది.

"ఎడమ మూలకి బంతి. ఇంకేముంది?"

గురువారం మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఇద్దరే నిలబడ్డారు. బాలింట్ ఇమ్రెని పేరు పెట్టి పిలిచాడు. తల తిప్పకుండా ఎడమ మూలకి బంతి కొట్టాడు. అది చెక్కకి ధడాలుమని తగిలి తిరిగొచ్చింది. మళ్ళీ పిలిచాడు, మళ్ళీ కొట్టాడు. అలా చాలాసేపు జరిగాక, ఒక బంతికి ధడాలుమన్న చప్పుడు రాలేదు. గోడకి బెత్తెడు దూరంలో, ఎవరో కాలితో అదిమినట్టు ఆగి ఉంది.

"వచ్చాడు. ఇప్పుడెలా పంపాలి?" అన్నాడు బాలింట్.

అది శ్రీవల్లికి తెలియదు. ముద్ద పెట్టేవరకే ఆమె ఎప్పుడూ ఉండేది. ఆ తరవాత స్కూలో, ప్రాక్టీసో, ఏదో ఒకటి. కానీ ఒకటి మాత్రం తెలుసు. చిన్నప్పుడు గుమ్మం దిగుతూ "వెళ్తున్నా" అన్నందుకు అమ్మ వెనక్కి పిలిచి, "వెళ్ళొస్తాను" అనిపించి గానీ బస్సెక్కనివ్వలేదు.

"వెళ్ళు అనకూడదు. వెళ్ళి రా అనాలి," అంది గట్టి నమ్మకంతో.

బాలింట్ ఆ మూలకి నడిచి, వాళ్ళ భాషలో ఆ మాటే అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు అతని కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం కడిగినట్టుంది.

శుక్రవారం ప్రాక్టీసులో బాలింట్ ఎడమవైపు బంతి ఇచ్చాడు. ఒకటి కాదు, వరసగా. కోచ్ నోరు తెరిచాడు. హర్షిత్‌కి నేల మీద కాలు నిలవలేదు.

"అక్కా, బాలింట్ ఈజ్ ఎ జీనియస్! చూడకుండా ఇచ్చేస్తున్నాడు. జస్ట్ వన్ స్టెప్ లాంగ్ వస్తోంది. నేనే ఇంకా ఫాస్ట్‌గా రన్ చెయ్యాలి."

తన తెలివికి తనే మురిసిపోతూ శ్రీవల్లి ఆ చివరి మాట పట్టించుకోలేదు.

శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి శ్రీవల్లి తల్లి రాధారాణి పులిహోర డబ్బాతో వచ్చి, కూతురి బెంచీ వెనకే కూర్చుంది. శ్రీవల్లి ఆగలేక, తను చేసిన ఘనకార్యమంతా తల్లికి చెప్పింది. వింటున్న రాధారాణి చెయ్యి డబ్బా మూత మీదే ఆగిపోయింది.

"పంపేటప్పుడు ఏమన్నారే?"

"వెళ్ళి రా అనమన్నాను. నువ్వేగా నేర్పించావు?"

"ఓసి పిచ్చిమొహమా! అది బతికున్నవాళ్ళకే! మనిషి పోయిన ఇంటికి పలకరింపుకెళ్ళి, లేచొచ్చేటప్పుడే 'వెళ్ళొస్తాం' అని నోటితో అనమే! అలాంటిది పోయినవాణ్ణే రమ్మంటారా?"

"అంటే... నిజంగా వస్తాడా అమ్మా?"

"అంత ప్రేమగా పిలిచాక ఎందుకు రాడు?"

ఆట మొదలైంది. శ్రీవల్లి కళ్ళు తమ్ముణ్ణి వదల్లేదు. స్కోరు సమానంగా ఉంది. బాలింట్ కాలికి బంతి అందింది. అప్పుడు ఆమెకీ వినపడింది, పళ్ళ సందునుంచి చిన్న విజిల్. రిఫరీది కాదు. బాలింట్ తల తిప్పలేదు. బంతి ఎడమ మూలకి దూసుకుపోయింది, ఒక్క అడుగు ఎక్కువ.

"వదిలెయ్‌రా! హర్షిత్, వదిలెయ్!"

ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? వాడు చలికాలమంతా ఎదురుచూసిన బంతి అది. తల వంచుకుని, ఉన్న బలమంతా కూడగట్టుకుని గోడమీదకి పరిగెత్తుతున్నాడు. అప్పుడు బాలింట్ తల తిప్పి చూశాడు.

గోడ ముందు హర్షిత్ మెడ వెనక్కి లాగినట్టయింది. పలుపు అందనంత దూరం ఉరికిన దూడలా ఎగిరి, వెల్లకిలా పడ్డాడు. బూట్లు చెక్కకి ఆనుకుని ఉన్నాయి. బంతి గోడకి తగిలి నడిమధ్యకొస్తే, వెనకనుంచి వచ్చినవాడెవడో గోల్ కొట్టాడు. జనం కేకలు ఆ గోల్ కోసం.

హర్షిత్ బెంచీ దగ్గరికి ఊగిపోతూ వచ్చాడు. "రెఫ్ బ్లైండా అక్కా? ఎవడో వెనకనుంచి షర్ట్ పట్టుకుని లాగాడు! క్లియర్ ఫౌల్ అది!"

వాడికి దగ్గర్లో ఒక్క మనిషి కూడా లేడు. శ్రీవల్లి చూసింది కదా. కానీ చొక్కా మెడ వెనకవైపు సాగి వేలాడుతోంది, గొంతు మీద కాలర్ ఒరుసుకుని ఎర్రటి గీత పడింది. ఆమె దాని మీద ఐసు అద్దింది. బాలింట్ వచ్చి ఆ గీతని వేలితో తాకి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

మ్యాచ్ గెలిచారు. వచ్చే ఏడాది కూడా రమ్మని కోచ్ హర్షిత్ భుజం తట్టాడు. జనం వెళ్ళిపోయాక రాధారాణి, చీర మీద కోటుతో, కాళ్ళకి స్నీకర్లతో ఆ ప్లాస్టిక్ గడ్డి మీదకి దిగింది. ఎడమ మూలన కాగితం ప్లేటులో పులిహోర పెట్టి, చేతులు జోడించి, కాసేపు అలాగే నిలబడింది. తరవాత బాలింట్‌ని పిలిచింది. ఆమె తెలుగులో చెప్పిందంతా శ్రీవల్లి ఇంగ్లీషులో అందించింది.

"రమ్మన్నావు, వచ్చాడు. నా బిడ్డని కాపాడాడు. నేను బతికున్నంతకాలం దణ్ణం పెట్టుకుంటాను. కానీ బాబూ, అతన్నింక ఇలా పరిగెత్తించకు. అలిసిపోయుంటాడు. 'రా' అనకుండా పంపించెయ్."

"అలా అంటే మళ్ళీ రాడా, ఆంటీ?" అలా పిలవాలని హర్షిత్ నేర్పించాడు.

"రాడు."

బాలింట్ ఎడమ మూలకేసి చూశాడు. "ఇన్ని దేశాలు తిరిగాను. నాతోపాటు వచ్చింది వాడొక్కడే," అన్నాడు.

రాధారాణి అతని చెయ్యి పట్టుకుంది.

అతను బంతి తెచ్చి కాలి ముందు పెట్టుకున్నాడు. తల తిప్పకుండా ఎడమ మూలకి కొట్టి, ఒకే ఒక్క మాటన్నాడు. బంతి చెక్కకి గట్టిగా తగిలి, దొర్లుకుంటూ వచ్చి అతని కాలి దగ్గర ఆగింది. ఏమన్నావని ఎవరూ అడగలేదు.

ఆ తరవాత బాలింట్ ఇంకో రెండు సీజన్లు ఆడాడు. హర్షిత్‌కి మంచి బంతులే ఇచ్చాడు. కానీ ప్రతిసారీ తల తిప్పి, మనిషి ఎక్కడున్నాడో చూసుకుని, అందరిలాగే ఇచ్చేవాడు. ఒకరోజు మడమకి పట్టీ వేస్తూ శ్రీవల్లి అడిగింది, ఇప్పుడేమైనా వినపడుతోందా అని.

"లేదు. అందుకే చూసుకోవాల్సి వస్తోంది," అన్నాడు బాలింట్.