పన్నెండో జత

సమోన్ పెద్దమ్మకి మనుషుల పేర్లు గుర్తుండవు, చెప్పులు గుర్తుంటాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చుంఫోన్ స్టేషన్ వెనక సందులో, ఆ చెక్క ఇంట్లో ప్రయాణికులకి చోటిస్తోంది. ఎంతమందినని పేరుపేరునా గుర్తుపెట్టుకుంటుంది? మెట్ల కింద విడిచిన జోడు చూస్తే చాలు ఆవిడకి. మడమ ఒకవైపే అరిగితే బరువు మోసే మనిషి. తాళ్ళు విప్పకుండా లాగి పడేస్తే కుర్రకారు, పడవ టైముకి లేపకపోతే లేవరు. పక్కపక్కనే కుదురుగా పెట్టిన రెండు జతలు సాయంత్రానికి చెరో మూలా ఉంటే ఆ మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారన్నమాట. వాళ్ళ గదికి పళ్ళెంలో నాలుగు అరటిపళ్ళు ఎక్కువ పంపేది. ఆ ఊళ్ళో పండే చిన్న అరటిపండు, గోరంత ఉంటుంది గానీ కోపాన్ని దించుతుంది.

ఆరు గదులు. ఆరు ఫ్యాన్లు, అందులో రెండు మూలుగుతాయి. నేల మీద పరుపులు, దోమతెరలు, పెరట్లో నీళ్ళ తొట్టి, అందులో ఒక ముంత. అదీ వైభవం. ఆ ఊరికి ఊరు చూద్దామని ఎవరూ రారు. రైలు దిగి దీవులకి పడవెక్కేవాళ్ళు, పడవ దిగి రైలెక్కేవాళ్ళు. మధ్యలో నడుం వాల్చడానికి ఇంత చోటు అడుగుతారు. ఆ ఇంత చోటూ సమోన్ ఇస్తుంది.

ఇల్లు ఆవిడదే గానీ నేల బౌద్ధ విహారానిది. సమోన్ తల్లికి అప్పటి పెద్ద భిక్షువు ఆ నేల ఇస్తూ కాగితం మీద ఒక్కటే షరతు రాయించాడు. దారిన పడి అలసి వచ్చినవాళ్ళు ఈ కప్పు కింద పడుకున్నన్నాళ్ళూ నేల మీ ఇంటిది, ఎవరూ పడుకోని నాడు తిరిగి విహారానిది. ఆ కాగితం బియ్యం డబ్బా వెనక, నూనె మరకతో, ఇప్పటికీ ఉంది.

అలాంటి ఇంటి మెట్ల కింద మూడు వారాలుగా ఒక్క జత చెప్పుల్లేవు.

ఎందుకు లేవంటే, కియత్ వల్ల. ఒకప్పుడు వాళ్ళ నాన్న సైకిల్ మీద ఐసు గడ్డలు తెచ్చి అమ్మేవాడు, వీడు వెనక కూర్చుని కరిగిన నీళ్ళు నాకేవాడు. ఇప్పుడు షావుకారు కియత్. స్టేషన్ పక్కనే అద్దాల తలుపుల హోటలు కట్టాడు, ఊళ్ళో, పై ఊళ్ళకీ తిరిగే వ్యాన్లన్నీ కొన్నాడు. సందులో చెక్క ఇళ్ళన్నీ ఒక్కొక్కటే కొని పడగొట్టి వ్యాన్లు నిలుపుకునే చోటు చేశాడు. మిగిలింది ఇదొక్కటే. ఆవిడ అమ్మనంది. అమ్మడానికి నేల ఆవిడది కాదు, ఆవిడదైనా అమ్మదు. దాంతో ఏ డ్రైవరైనా ఆ ఇంటికి ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే మర్నాడు బండి తాళం ఉండదని హుకుం వేశాడు. స్టేషన్లో తన మనుషుల్ని నిలబెట్టి, "ఆ ఇల్లా? మూసేశారండీ, ముసలావిడ పోయింది" అని చెప్పించాడు.

పోయిన ముసలావిడ రోజూ పొద్దున్నే మెట్లు కడుగుతూనే ఉంది.

తర్వాత విహారం పెద్దల దగ్గరికి వెళ్ళి కూర్చుని, చేతులు జోడించి, మెత్తగా చెప్పాడు కియత్. "షరతు తప్పింది పెద్దలూ. మీరు శ్రమపడి గదులు వెతకక్కర్లేదు. మెట్ల దగ్గర చెప్పులు చూడండి. చెప్పుల్లేని ఇంట్లో మనుషులుంటారా?" పెద్దల సంఘానికి పెద్ద తవిల్. రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి, డెబ్భై అయిదేళ్ళు, నవ్వితే జరిమానా పడుతుందన్నట్టు ఉంటాడు. సరే, మా కళ్ళతో చూసిందే లెక్క, పున్నమినాడు దానాలయ్యాక వచ్చి చూస్తామన్నాడు.

పున్నమి ఇంక రెండు రోజులుందనగా, సందు మొదట్లో కాఫీ అమ్మే ఉరై చెంగుచెంగున వచ్చింది. నోట్లో మాట నిలవదు గానీ మనసు మంచిది.

"అక్కా, నీ దగ్గర మూట ఉందిగా, వదిలేసిపోయినవాళ్ళ చెప్పుల మూట! అది విప్పి మెట్ల కింద పరిచేద్దాం. తవిల్ అన్న కళ్ళజోడు పెట్టుకున్నా కోడికీ కొంగకీ తేడా తెలీదు."

నిజమే, మూట ఉంది. పడవ తొందరలో మరిచిపోయినవి, తెగిపోతే వదిలేసినవి, ముప్ఫై ఎనిమిదేళ్ళవి. ఎవరైనా అడగడానికొస్తే అని సమోన్ ఒక్కటీ పారేయలేదు. మూట దింపి విప్పింది. ట్రాంగ్ టీచరమ్మ మడమ విరిగిన చెప్పు. చేపల పడవ మనిషి రబ్బరు బూట్లు, ఇంకా ఉప్పు వాసనే. ఒంటి ఎర్ర చెప్పు, దాని జతగత్తె ఏ దీవిలో ఉందో. అయిదారు జతలు మెట్ల కింద వరసగా పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"బాగుందక్కా! తిరనాళ్ళలా ఉంది," అంది ఉరై.

"చచ్చినవాళ్ళ ఇల్లులా ఉంది," అంది సమోన్. వంగి ఒక్కొక్కటే మళ్ళీ మూటలో వేసింది. "తియ్యి. మా అమ్మ నిజం మీద నిలబెట్టిన ఇల్లు. నేను దొంగచెప్పుల మీద నిలబెట్టనా? పోతే పోనీ గానీ, వాడి ముందు అబద్ధమాడి మిగుల్చుకోను."

"మరేం చేస్తావు? మెట్ల మీద కూచుని ఏడుస్తావా?"

"ఏడవడానికి నేనేమన్నా ఐసు గడ్డనా కరగడానికి!"

గొడుగు తీసుకుని బయల్దేరింది. ఎక్కడికని ఉరై అడిగితే, "చెప్పులున్న కాళ్ళు చూడ్డానికి," అంది.

పదిన్నర ఎండ. కియత్ హోటలు పక్కన, ఇళ్ళు పడగొట్టిన జాగాలో వ్యాన్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. సమోన్ నాలుగడుగులు వేసిందో లేదో ఆగిపోయింది. ఒక బండి కింద నించి రెండు కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి. గొడుగు కర్రతో అరికాలు మీద పొడిచింది. కాళ్ళు ఉలిక్కిపడ్డాయి. దేచా బయటికి పాక్కుంటూ వచ్చాడు. తల కింద దిండులా పెట్టుకున్న నల్ల ప్లాస్టిక్ చెప్పులు చేతిలో ఉన్నాయి, చెంప మీద వాటి అచ్చు పడింది.

పదేళ్ళు ఆవిడ ఇంటికి ప్రయాణికుల్ని తెచ్చింది ఈ దేచానే. వచ్చినప్పుడల్లా గంజి తాగి, "పెద్దమ్మా, కాస్త ఉప్పు తగ్గింది" అని వంక పెట్టి, రెండో గిన్నె తాగేవాడు. మూడు వారాలుగా ఎదురుపడితే తల తిప్పుకుపోతున్నాడు.

"ఏరా, బండి నువ్వు తోలుతున్నావా, నిన్ను బండి తోలుతోందా?"

దేచా సిగ్గుపడ్డాడు. "బ్యాంకాక్ నించి తెల్లారేసరికి వచ్చాం పెద్దమ్మా. ఒంటిగంటకి మళ్ళీ ఫుకెట్ ట్రిప్పు. ఈ మధ్యలో కన్ను మూద్దామంటే బండిలో ఉడికిపోతాం. కిందయితే కొంచెం నీడ."

"అంత పెద్ద హోటలుందిగా మీ షావుకారికి. చల్లగాలి మిషన్లట."

"గదులు ప్రయాణికులకేనంట. డ్రైవర్లు లోపలికొస్తే పరుపులకి డీజిల్ కంపు పడుతుందంట."

మిగతా బండ్ల కింద నించి కూడా తలలు బయటికొచ్చాయి, తాబేళ్ళలా. సమోన్ లెక్క చూసుకుంది. రాత్రంతా రోడ్డు మీద ఉన్నవాళ్ళు, కళ్ళు చింతనిప్పులు. అలసి వచ్చినవాళ్ళు ఎక్కడున్నారా అని మూడు వారాలుగా స్టేషన్ వైపు చూస్తూ కూచుంది గానీ, పెరటి గోడ అవతలే ఉన్నారని తట్టలేదు. తన బుద్ధికి తనే మొట్టికాయ వేసుకుంది.

"లేవండి. నా ఇంట్లో ఆరు గదులు ఖాళీ. ఫ్యాన్లున్నాయి, నీళ్ళున్నాయి, గంజి పొయ్యి మీదుంది."

"అమ్మో! మీ ఇంటికి ప్రయాణికుల్ని తీసుకెళ్తే తాళం లాక్కుంటానన్నాడు," అన్నాడొకడు.

"ప్రయాణికుల్నిగా! మిమ్మల్ని మీరు తీసుకెళ్ళొద్దన్నాడా?"

వాళ్ళు మొహాలు చూసుకున్నారు. అద్దాల తలుపుల వెనక కియత్ మనిషి నిలబడి ఇటే చూస్తున్నాడు. సమోన్ వాడికి వినపడేలా గొంతు పెంచింది. "ఊరికే కాదు, తలకి ఇరవై బాత్‌లు. ఊరికే పడుకుంటే చుట్టాలవుతారు. నాకు చుట్టాలు చాలామందే ఉన్నారు, ఒక్కడూ పనికిరాడు. డబ్బిచ్చి పడుకునేవాళ్ళే కావాలి."

ముందు దేచా చెప్పులు తొడుక్కున్నాడు. ఆవిడ ముందు నడిచింది, గొడుగు ఎత్తిపట్టుకుని, హోటలు గుమ్మం ఎదురుగానే. వెనక దేచా, వాడి వెనక ఇంకో నలుగురు. మర్నాడు తొమ్మిది మంది. పడుకున్నవాడు వెళ్ళి పడుకోనివాడికి చెప్పాడు, అంతే, మంచి నిద్ర కంటే పెద్ద బోర్డేముంటుంది?

పున్నమి వచ్చింది. విహారంలో దానాలు అయ్యాయి. ఎనిమిదిన్నరకి తవిల్, ఇంకో ఇద్దరు పెద్దలు, వాళ్ళ పక్కనే తుడిపించిన నల్ల తోలు బూట్లతో కియత్, సందులోకి వచ్చారు. ఉరై కాఫీ బండి వదిలేసి వెనకే వచ్చింది, పోతే బేరం పోనీ అనుకుని.

మెట్ల కింద పదకొండు జతలున్నాయి. తవిల్ కళ్ళజోడు సర్దుకుని వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు, పెట్టెలు లెక్కపెట్టినట్టు. "పదకొండు," అన్నాడు.

కియత్ మొహం మాడింది. వెంటనే నవ్వేశాడు. "మోసం పెద్దలూ! ఈవిడ దగ్గర పాత చెప్పుల మూట ఉంది, ఊరంతా తెలుసు. అందులోంచి తీసి పరిచింది."

తవిల్ సమోన్ వైపు తిరిగాడు. "మూట ఉందా, చెల్లీ?"

"ఉందన్నా." లోపలికెళ్ళి మూట ఈడ్చుకొచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. ముడి మీద ముడి. "విప్పి చూడండి. విప్పబుద్ధయింది నాకు, దాచను. మొన్న విప్పాను కూడా. మళ్ళీ కట్టేశాను."

"అబద్ధం! మనుషులే లేరు లోపల. నేను చూపిస్తాను రండి!" అంటూ కియత్ మెట్ల మీదికి ఉరికాడు. ఉరుకుతూ ఏం చేశాడంటే, అమ్మ ఒడిలో నేర్చిన అలవాటు, ఎంత షావుకారయినా పోతుందా, కాలితో కాలు నొక్కి బూట్లు రెండూ మెట్టు కింద విడిచి మరీ ఎక్కాడు.

మొదటి గది తలుపు తోశాడు. దోమతెరలో ఇద్దరు. రెండో గదిలో ఇద్దరు, ఒకడి గురక ఫ్యాను మూలుగుతో పోటీ పడుతోంది. మూడో గదిలో దేచా.

"లేవండ్రా! మీరా? నా డ్రైవర్లా?" అని కియత్ అరిచిన అరుపుకి ఆరు గదులూ లేచి వరండాలోకి వచ్చాయి. "పెద్దలూ, చూశారా! వీళ్ళు ప్రయాణికులు కాదు, నా జీతగాళ్ళు! వీళ్ళు లెక్కలోకి రారు!"

లెక్కలోకి రారు అన్న మాట వరండా అంతా వినబడింది.

దేచా కళ్ళు నులుముకుంటూ ముందుకొచ్చాడు. "రాత్రంతా బండి తోలి వచ్చా షావుకారూ. ఒంటిగంట దాకా నేను మీ జీతగాణ్ణి కాదు, డబ్బిచ్చి పడుకున్న మనిషిని. లెక్కలో ఉన్నాను."

"ఈరోజు నించి నీకు బండి లేదు!"

"సరే. ఈ పదకొండు మందికీ లేదనండి. ఒంటిగంట బండ్లు మీరు తోలుదురు గాని. ఫుకెట్ దాకా మలుపులు జాగ్రత్త, మీకు కడుపులో తిప్పుతుంది, చిన్నప్పటి నించీ అంతేగా."

ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత పదకొండు మందీ.

తవిల్ కింద నించే పలికాడు, ఒక్కో మాట విడదీసి. "ముప్ఫై ఏళ్ళు గార్డు పెట్టెలో తిరిగాను. పరాయి ఊళ్ళలో నేను పడుకున్నవన్నీ ఇలాంటి ఇళ్ళే. నన్నూ లెక్కలోకి రాడన్నవాళ్ళున్నారు. కాగితంలో అలసి వచ్చినవాళ్ళు అని రాసుంది. ఎవరి జీతగాళ్ళని రాయలేదు. షరతు తప్పలేదు."

అని మళ్ళీ కళ్ళజోడు సర్దుకున్నాడు. మెట్ల కిందికి వంగాడు. "అయితే ఇప్పుడు పన్నెండు జతలున్నాయే. ఈ నల్ల తోలు బూట్లు ఎవరివి? ఈయన కూడా ఇక్కడే దిగాడా?"

ఉరై కొంగు నోట్లో కుక్కుకుంది. సమోన్ మాత్రం నవ్వలేదు. గంజి గిన్నె పట్టుకుని మెట్ల పైన నిలబడింది.

"మెట్లెక్కినవాడికి గంజి పోయకుండా పంపడం మా ఇంట లేదు. కూర్చో కియత్. ఐసు లేదు గానీ, వేడిగా ఉంది."

కియత్ ఆవిణ్ణి తోసుకున్నంత పని చేసి దిగాడు. కోపమంతా తవిల్ మీదికి విసురుతూ, "మళ్ళీ చూస్తాను, పై వాళ్ళతో మాట్లాడతాను" అంటూ, కళ్ళు ఆయన మీదే ఉంచి, పాదాలకి తగిలిన జోడు తొడుక్కుని వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా టపటపమని చప్పుడు వినబడింది. ప్లాస్టిక్ చెప్పుల చప్పుడు.

"పెద్దమ్మా, నా చెప్పులు!" అన్నాడు దేచా.

సమోన్ మూట ముడి విప్పి లోపల చెయ్యి పెట్టింది. వెతికి వెతికి గట్టి తోలు జోడు తీసింది. పన్నెండేళ్ళ కింద ఒక వంతెనల మేస్త్రీ వదిలేసిపోయినవి. "ఇవి తొడుక్కో. ఇంక బండి కింద దిండుగా పెట్టావంటే కాళ్ళు విరుస్తా."

ఒంటిగంటకి బండ్లన్నీ కదిలాయి. ఎవరి తాళమూ పోలేదు, వాళ్ళు లేకపోతే తోలేవాడే లేడు. సాయంత్రం రైలు దిగినవాళ్ళలో నలుగురు నేరుగా సందులోకి తిరిగారు. వాళ్ళని ఏ డ్రైవరు ఇటు పంపాడో సమోన్ అడగలేదు. మెట్ల కింద వాళ్ళు జోళ్ళు విడుస్తూ ఆ నల్ల తోలు బూట్ల దగ్గర కాసేపు తటపటాయించారు, మెరుస్తున్నాయి మరి.

"వాటిని కదపకండి. మరిచిపోయి వెళ్ళిన మనిషివి. అడగడానికి వస్తాడు," అంది సమోన్.

ఆ నెలంతా రోజూ పొద్దున్నే మెట్లు కడిగి, ఆ బూట్ల మీద దుమ్ము కూడా తుడిచింది. అందరూ ఎక్కీ దిగీ చూస్తుండగా, మొదటి మెట్టు పక్కనే ఉంచింది. మూటలో మాత్రం వెయ్యలేదు.