ఏమీ చేయకూడని పూస

నేను ఒక పూసను. దండకు గుచ్చడానికి పనికిరాను. పక్కన ఆవగింజను పెడితే అదే కొండలా కనిపిస్తుంది. ఏదో కంపెనీలో పుట్టి, వేలమంది తోబుట్టువులతో ఒక చిన్న సీసాలో కిక్కిరిసి, హనుమకొండలోని ఒక పరిశోధనశాలకు చేరాను.

అక్కడ మమ్మల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టును ప్రొటీన్ ద్రవంలో నానబెట్టారు. అది మామూలు ప్రొటీన్ కాదు. పిండంలో ఊపిరితిత్తి మొదట ఒట్టి గొట్టమే. చుట్టూ ఉన్న కణాలు అక్కడక్కడ ఈ ప్రొటీన్‌ను వదులుతాయి. అది ఎటువైపు ఉంటే గొట్టం అటు మొగ్గ వేస్తుంది, మొగ్గ కొమ్మవుతుంది, కొమ్మ మళ్లీ చీలుతుంది. మీరు ఇప్పుడు పీలుస్తున్న గాలి ఆ కొమ్మల గుండానే పోతోంది. ఆ సంగతి గుర్తుపెట్టుకున్నవాళ్లెవరూ నాకు తగల్లేదు.

నన్ను మాత్రం ఉత్తి ఉప్పునీళ్లలో నానబెట్టారు. నా పక్కన ఏమీ జరగకూడదు. అదే నా ఉద్యోగం. నా దగ్గర ఏమీ జరగకపోతేనే, అవతలి పూస దగ్గర జరిగింది ప్రొటీన్ మహిమ అని లోకం నమ్ముతుంది. మనుషుల్లో ఇలాంటి ఉద్యోగాలకు జీతాలు బాగానే ఉంటాయని విన్నాను.

నా యజమానురాలు మంజరి పీహెచ్‌డీ చేస్తోంది. కోడిగుడ్లలోని పిండాల నుంచి లేత ఊపిరితిత్తులు తీసి, ప్లేట్లలో పరిచి, ఒక్కో దాని పక్కన ఒక్కో పూస పెడుతుంది. నన్నూ అలాగే ఒకదాని పక్కన కూర్చోబెట్టి, వెచ్చటి పెట్టెలో పెట్టింది.

రెండ్రోజులకు ప్లేటు తీసి మైక్రోస్కోపులో చూసిన మనిషి అలాగే ఉండిపోయింది. ఊపిరితిత్తి నా వైపుకు కొమ్మ వేసింది! పుట్టి బుద్ధెరిగాక నా కోసం ఒకరు రావడం అదే మొదలు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మంజరి ముఖం మాత్రం పాలిపోయింది. ఉత్తి పూసకే కొమ్మ వస్తే, ఆ ప్రొటీన్ గురించి ఇన్నేళ్లుగా ఆమె చెబుతున్నదంతా నీళ్లపాలే.

గైడు నర్సింగరావు గారు వచ్చి చూశారు.

“ఒక్క ప్లేటే గదమ్మా, పక్కకు పెట్టు. వచ్చే నెల థీసిస్ ఇయ్యాలె నువ్వు.”

“పక్కకు పెడితే నాకు నిద్ర వట్టది సార్. మల్ల జేస్త.”

“మల్ల గిట్లనే వస్తె?”

“వస్తె నా థీసిస్సే తప్పు సార్. గదే రాస్త.”

ఆయన తల పంకించి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసిన చూపు మాత్రం బాగాలేదు.

మంజరి కూర్చుని, నన్ను ప్లేటులో పెట్టిన రోజు చేసిన పనంతా మొదటి నుంచి నెమరు వేసుకుంది. ఉప్పునీళ్ల పూసలను ముందు పెట్టి, ప్రొటీన్ పూసలను తర్వాత పెట్టడం అక్కడి పద్ధతి. ఆ రోజు హడావుడిలో అది తిరగబడింది. ప్రొటీన్ పూసను పట్టుకున్న ఫోర్సెప్స్‌తోనే, అంటే ఆ సన్నటి పట్టకారుతోనే, కడగకుండా నన్నూ పట్టుకుంది.

మళ్లీ మొదలుపెట్టింది. కొన్ని ఉత్తి పూసలను కొత్త ఫోర్సెప్స్‌తో పెట్టింది. కొన్నింటిని కావాలనే, ప్రొటీన్ పూసను పట్టుకున్నాక కడగనిదానితో పెట్టింది. నా ప్లేటును పక్క అరలో ఉంచింది. నిజం చెప్పొద్దూ, ఆమె ఓడిపోవాలనే కోరుకున్నాను. శుభ్రమైన ఫోర్సెప్స్‌తో పెట్టిన పూసల దగ్గరికీ ఒక్క కొమ్మ వస్తే చాలు, నా దగ్గరికి వచ్చింది నా కోసమే అవుతుంది.

ఒక్కటీ రాలేదు. కడగని ఫోర్సెప్స్ తగిలిన పూసల దగ్గరే కొమ్మలు వచ్చాయి. మంజరి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“సార్, అంటుకున్న తడే సరిపోయింది సార్! గంతనే చాలు దానికి!”

“మంచిగైంది. గది గూడ రాయి,” అన్నారు గైడు గారు, మొదటి నుంచీ తాను అదే చెబుతున్నట్టు.

తర్వాత నా ప్లేటును చెత్త సంచీ దగ్గరికి తెచ్చింది. పారేసే ముందు ఎందుకో ఒకసారి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

“నీ తప్పేం లేదే, పాపం. నువ్వు ఉత్తగనే ఉన్నవ్,” అంది.

మంచి మనసుతోనే అంది. ఆ ఒక్క తప్పయినా నాదై ఉంటే బాగుండేది.