నలుగురి దగ్గర నాలుగు టైర్లు

కోడలు కాపురానికి వచ్చిన రోజే అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఇంటి వెనకున్న షెడ్డులోకి తీసుకెళ్ళి కారును చూపించింది. "ఇదిగో, నా సవతి. నా మొహం కేసి చూడటం ఎప్పుడో మానేశారు గానీ దీని మొహం మాత్రం రోజూ తుడుస్తారు మీ మామయ్య" అంది. కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్ళయిన కొత్త కదా, ఆమెకు ఆ రోజుల్లో ప్రతిదీ ముద్దొచ్చేది. తమ గది కిటికీ సరిగా మూతపడకపోవడం, స్నానాల గదిలో కుళాయి ఈల వెయ్యడం, షెడ్డులోంచి వచ్చే భర్త ముక్కు చివర అంటుకున్న గ్రీజు, అన్నీ ఆమెకు తన కోసమే ఏర్పాటు చేసినట్టుండేవి. సాయంత్రాలు టీ గ్లాసులు పట్టుకుని ఆలుమగలు కారు వెనక సీటులో కూర్చునేవారు. కారు కదలదు. అయినా భర్త "ఇప్పుడు వంతెన దాటుతున్నాం" అంటే, ఆమె పక్కకు వంగి లేని నదిని చూసేది.

కారు కదలకపోవడానికి కారణం ఒక్కటే. దానికి టైర్లు లేవు. నాలుగు ఇనుప స్టాండ్ల మీద, మెరిసే రిమ్ములతో గాల్లో నిలబడి ఉంది.

మామయ్య లేతు మెషిను మీద ఇనుము చెక్కుతూ జీవితమంతా గడిపిన మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కను తుక్కులో పారేసే రకం. ఆ కారును తుక్కు కింద కొని, దొరికిన భాగాలు దొరికినట్టు వెతికి తెచ్చి, దొరకనివి తన చేత్తో తయారుచేసి బిగించారు. రబ్బరు టైరు మాత్రం ఆయన చేతిలో పని కాదు. అసలు టైర్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అదే నమూనాలో కొత్తగా చేసి అమ్మేవాళ్ళు ఉన్నారు గానీ మామయ్య వాటిని కట్టుడు పళ్ళు అనేవారు. "పళ్ళున్నాయి కదా అని మనిషి నవ్వితే సరిపోతుందా?" అని కొడుకును కసిరేవారు.

ఆయన దగ్గర అసలు టైరు ఒకటుంది. కారు డిక్కీలో అదనపు చక్రానికి వచ్చిన టైరు, రోడ్డు మొహం చూడనిది. మిగతా మూడూ కావాలి. తొందర పడాల్సిన అవసరం ఆ శీతాకాలంలోనే వచ్చింది. కళ్ళ డాక్టరు మామయ్యను బయట కూర్చోబెట్టి కొడుకుతో చెప్పాడు: చూపు అంచుల్లో ఉంటుంది, నడిమధ్య మాత్రం పోతుంది, పోతూనే ఉంది, ఆపడానికి మందు లేదు. కొడుకు ఆ మాట ఎలా చెప్పాలా అని తల పట్టుకుంటే మామయ్యే ముందు అడిగేశారు. విన్నాక, "అయితే కారు తన కాళ్ళ మీద నిలబడటం చూస్తానో లేదో" అన్నారు.

ఆ మోడలు కార్లున్న సేకరణదారులు మరో ముగ్గురున్నారు: పళ్ళ డాక్టరు, గడియారాలు బాగుచేసే ఆయన, బస్సుల ఓనరు. అదృష్టం ఏమిటంటే ముగ్గురి దగ్గరా తలో అసలు టైరు ఉంది. దురదృష్టం కూడా అదే. ఒక్కొక్కటిగా అవి ఎవరికీ పనికిరావు, అయినా ఎవరూ వదలరు. భర్త స్కూటరు మీద, వెనక కోడలు కూర్చుని, ముగ్గురి గుమ్మాలూ ఎక్కి దిగారు. పళ్ళ డాక్టరు మిగతా రెండూ తెస్తే తనది ఇస్తానన్నాడు. గడియారాలాయన డాక్టరు ఇచ్చిన మరుక్షణం తనూ ఇస్తానన్నాడు. బస్సులాయన మీసం దువ్వుకుంటూ, వాళ్ళిద్దరివీ కళ్ళారా చూశాక కబురు చెయ్యమన్నాడు. పెళ్ళిచూపులకు వచ్చి, మాట చెప్పకుండా ఫలహారం తిని వెళ్ళిపోయే వాళ్ళలా ఉన్నారని కోడలు దారి పొడుగునా నవ్వింది. భర్త మాత్రం నవ్వలేదు.

ముగ్గురూ తమ టైర్లను చూపించారు. చూపించారంటే మూట చూపించారు. ఆ బృందంలో ఒక పద్ధతుంది. టైరుకు పౌడరు రాసి, నల్ల ప్లాస్టిక్కు చుట్టి, తాడు కట్టి, చీకట్లో పడుకోబెట్టాలి. రిమ్ముకు ఎక్కించకూడదు, గాలి కొట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు. ఎవరు మొదలుపెట్టారో గానీ ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. మామయ్య కూడా మంచం కింద తనది అలాగే దాచారు. పసిపిల్ల నిద్రపోతున్నట్టు అందరూ దాని దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవారు.

చివరికి ఉపాయం కోడలికే తట్టింది. ఎవరూ ఇవ్వక్కర్లేదు, ఎవరూ ముందు దిగక్కర్లేదు. ఒకే ఆదివారం ముగ్గురూ తమ టైర్లు తీసుకుని షెడ్డుకు వస్తారు. నాలుగూ ఎక్కించి, కారును నేలకు దించి, మామయ్య కళ్ళారా చూశాక మళ్ళీ ఎవరిది వారికి. భర్త ఆమెను షెడ్డులోనే గిర్రున తిప్పాడు. ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారు. మనసులో వాళ్ళకీ అదే కోరిక కాబోలు, నాలుగూ ఒక్కచోట చూడాలని.

ఆదివారం పొద్దున కోడలు షెడ్డు కడిగి, కుర్చీలు వేసి, మామయ్య కుర్చీ కారుకు ఏటవాలుగా పెట్టింది. ఆయనకు తిన్నగా చూస్తే మచ్చ అడ్డం వస్తుంది, పక్కనుంచి అయితే కాస్త ఆనుతుంది. ముగ్గురూ వచ్చారు. బస్సులాయన తన మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు ఎవరిది విప్పాలన్న దగ్గర అందరూ షెడ్డు కప్పు కేసి చూశారు.

"నాదే కానివ్వండి" అన్నారు మామయ్య.

తాడు విప్పగానే పౌడరు వాసనా రబ్బరు వాసనా కలిసి వచ్చాయి. టైరు కొత్త బూటులా నల్లగా ఉంది. గడియారాలాయన వేలితో తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మామయ్య సబ్బు నీళ్ళు రాయించి, టైరు ఎక్కించే పట్టాకమ్మి తనే పట్టుకుని, తడిమి తడిమి టైరు అంచును రిమ్ములోకి దింపారు. లోపల ట్యూబు పెట్టి కొడుకు పంపు కొట్టాడు. పది ఇరవై దెబ్బలకు టైరు కాస్త ఉబ్బింది. అప్పుడే ఎవరో మెటికలు విరిచినట్టు చిన్న చప్పుడు. మళ్ళీ ఇంకోటి. ఆ తర్వాత వరసగా.

టైరు పక్క భాగమంతా సన్నటి గీతలు పుట్టుకొచ్చాయి. చూస్తుండగానే అవి నోళ్ళు తెరిచాయి. లోపలి దారాలు బయటపడ్డాయి.

మామయ్య మొహం పక్కకు తిప్పి, కంటి చివర నుంచి చూడబోయారు. కనపడలేదు.

"ఏమైందమ్మా? నువ్వు చెప్పు" అన్నారు కోడలితో.

ఆమె భర్త వైపు చూసింది. అతను పంపు పిడి వదల్లేదు. "పగిలింది మామయ్యా" అంది.

"ఎంత?"

"చుట్టూతా."

మామయ్య వేళ్ళతో తడిమి చూసుకున్నారు. పళ్ళ డాక్టరు గొంతు సవరించుకుని, మంచం కింద చెమ్మ తగిలి ఉంటుందని, తనది ఏసీ గదిలో ఉందని చెప్పి మూట విప్పాడు. అతనిది రిమ్ము దాకా కూడా రాలేదు. పట్టాకమ్మితో అంచు లాగగానే ఎండిన తోలులా చీలింది. అతను ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. అన్నేళ్ళూ లేని రోగికి పథ్యం పెట్టినవాడిలా ఉన్నాడు. గడియారాలాయన తనదీ ఇచ్చేశాడు. అది ఎక్కింది, గాలి పట్టింది, గుండ్రంగా నిలబడింది. కోడలు మామయ్య భుజం మీద చెయ్యి వేయబోతుండగా టైరు ఒక పక్క బుగ్గ పొంగినట్టు పొంగి, తుస్సుమని కూలింది.

పడుకోబెట్టి, చుట్టి, చీకట్లో దాచిన నాలుగింటిలో మూడు ఎప్పుడో చచ్చిపోయాయి. ఎవరూ ఒక్కసారి కూడా గాలి కొట్టి చూసుకోలేదు. చూసుకుంటే పాడవుతాయని.

ఇక బస్సులాయన మూట మిగిలింది. అతను దాని మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు. "నాది బాగానే ఉంది" అన్నాడు, ఎవరూ అడగకుండానే. భర్త ఓ అడుగు ముందుకు వేశాడు.

"వద్దురా" అన్నారు మామయ్య. "విప్పకండి. అలాగే ఇంటికి తీసుకెళ్ళండి."

బస్సులాయన కళ్ళు తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు. మూటను ఎత్తుకుని, గుమ్మం తగలకుండా ఒరిగి బయటికి నడిచాడు. మిగతా ఇద్దరూ తమ తమ ముక్కలు ఏరుకుని అతని వెనకే వెళ్ళారు.

మామయ్య షెడ్డు బయటి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. భర్త వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కొత్తవి తెప్పిద్దామా అని అడగడానికి అతను ఎన్ని వాదనలు కూడగట్టుకున్నాడో కోడలికి తెలుసు. రాత్రిళ్ళు ఆమెకు వినిపించి చూసుకునేవాడు.

"నాన్నా, కొత్తవి తెప్పించనా?"

"తెప్పించరా."

భర్త తడబడ్డాడు. "పాత నమూనావా, మామూలువా?"

"ఏవో ఒకటి" అన్నారు మామయ్య. "నాకెలాగూ తేడా తెలీదు కదా."

ఏవో ఒకటి అన్న మాట ఆ నోట వినడం కొడుక్కి అదే మొదటిసారి. కూడగట్టుకున్న వాదనలన్నీ అక్కర లేకుండా పోయాయి. అతను తల వంచుకుని బకెట్లోని సబ్బు నీళ్ళు పారబోశాడు. కోడలికి ఏదైనా అనాలనిపించింది. కారు నేల మీదికి వస్తుంది, తామిద్దరూ నిజంగా వంతెన దాటుతారు. అందులో సంతోషించాల్సింది ఎక్కడో ఉండే ఉంటుందని వెతుక్కుంది. దొరకలేదు.

మామయ్య కుళాయి కట్టేసి, తడి చేతులు గాల్లో పట్టుకుని, "తువ్వాలు ఎక్కడుందమ్మా?" అని అడిగారు.

అది ఆయన కళ్ళెదుటే మేకుకు వేలాడుతోంది. ఆమె తీసి చేతికిచ్చింది.